అర్థమేంది బిడ్డా?

సూరత్‌లో మనవాళ్ల ఉగాది కార్యక్రమం ఏ హాల్లో జరిగినా, ఎవరు ఏం పాడాలన్నది తేలేది మాత్రం రింగ్ రోడ్డులోనే. సహారా దర్వాజా దగ్గరున్న ఓ బట్టల మార్కెట్లో, మూడో అంతస్తులో కాకా దుకాణం. సిరిసిల్ల నుంచి వచ్చి, లింబాయత్‌లో మరమగ్గం నడిపి, చివరికి తెల్లటి గద్దీ మీద కూర్చున్న మనిషి ఆయన. మార్వాడీలు, సింధీలు, గుజరాతీల నడుమ సాంచాల మీద పనిచేసినవాడికి గద్దీ దక్కడం మాటలు కాదు. అందుకే సంఘంలో ఆయన మాటకు ఎదురు లేదు.

ఆయన పట్టింపు ఒక్కటే. పాటలో రెండర్థాలు ఉండకూడదు. ఆ లెక్కన మన సినిమా పాటల్లో సగం పోతాయి. పోయాయి కూడా.

ఈసారి ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు గిటార్ పట్టుకొచ్చాడు. ‘లూయీ లూయీ’ అనే ఇంగ్లీషు పాట వాయిస్తూ పాడతానన్నాడు.

“అర్థమేంది బిడ్డా?”

“ఏం లేదు కాకా. ఓడల పనిచేసేటోడు జమైకాల ఉన్న పిల్లను యాది చేసుకుంటడు. సారా దుకాణమోనికి చెప్పుకుంటడు. అంతే.”

అంతటితో ఊరుకుంటే వాడి పాట గట్టెక్కేదే. చదువుకున్నవాళ్లకు ఊరుకోవడం చేతకాదు. రిచర్డ్ బెర్రీ 1955లో పాట రాయడం దగ్గర ఎత్తుకున్నాడు. 1963లో కింగ్స్‌మెన్ అనే బృందం దాన్ని రికార్డు చేసిందట. మైకు ఎక్కడో పైన వేలాడుతోంది, పాడేవాడి పళ్లకు తీగలున్నాయి, ఒక్క ముక్కా తెలియలేదు. తెలియలేదు కాబట్టి అందులో బూతు ఉందని పిల్లలు పుట్టించారు, తల్లిదండ్రులు నమ్మారు. ఇండియానా గవర్నరు ఆ పాట రేడియోలో వేయొద్దన్నాడు. ఎఫ్‌బీఐ రంగంలోకి దిగి, రికార్డును నెమ్మదిగా తిప్పి, వేగంగా తిప్పి, రెండేళ్లకు పైగా విన్నది. ఏ వేగంలో విన్నా అర్థం కావడం లేదని చేతులెత్తేసింది.

“అసలు తమాషా ఏందంటే కాకా, డ్రమ్ములు కొట్టేటోని చేతిలకెల్లి పుల్ల జారిందట. వాడు నోరు జారిండు. నాలుగు ఇంగ్లీషు అక్షరాల మాట. రికార్డుల ఉన్న బూతు అదొక్కటే అంటరు. గంతమంది పోలీసులు ఇని గది పట్టుకోలే!”

కుర్రాడు పగలబడి నవ్వాడు. కాకా నవ్వలేదు.

“ఏదీ, వెట్టు.”

ఫోనులో పాట పెట్టించాడు. వేగం తగ్గించి విన్నాడు. పెంచి విన్నాడు. పక్క దుకాణం సేటును పిలిచి వినిపించాడు. పార్సిళ్లు మోసే బిహారీ అబ్బాయి కూడా మూటమీద కూర్చుని చెవి ఒగ్గాడు. కటింగ్ చాయ్‌లు వచ్చాయి, గ్లాసులు ఖాళీ అయ్యాయి. అర్థం మాత్రం రాలేదు. కింద ఫ్లైఓవర్ మీద హారన్ల మోతలో వచ్చినా వినపడేది కాదనుకోండి.

“పోలీసులు రెండేండ్లు ఇన్నరంటె ఏదో ఉన్నట్టే. అర్థం తెల్వని మాట మన ఆడివిల్లల ముంగట వద్దు” అని కాకా పేరు కొట్టేశాడు.

కుర్రాడి మొహం చూసి జాలేసిందో ఏమో, వెంటనే చేయి కొంచెం పెద్దది చేసుకున్నాడు. అమ్మాయిల కోలాటానికి పన్నెండు డ్రెస్ పీసులు ఉత్తగనే ఇస్తానన్నాడు. పాండేసరా మిల్లులో ప్రింటై అప్పుడే వచ్చిన తాను తెరిపించాడు. నల్లటి క్రేప్, దాని మీద తెల్లగా, వంకర టింకరగా ఇంగ్లీషు అక్షరాలు. ఈ ఏడు ఇదే ఫ్యాషన్.

పీసులు మడత పెట్టమంటే కుర్రాడు కూర్చున్నాడు. రెండోది మడిచి ఆగిపోయాడు. మూడోది విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. జానెడుకొకసారి అదే మాట. చున్నీకి వచ్చేచోట అడ్డంగా, చేతులకు వచ్చేచోట నిలువుగా. ఎఫ్‌బీఐకి వినపడనిది ఇక్కడ అచ్చులో ఉంది.

“కాకా... డ్రమ్ములోడు అన్నడని చెప్పిన గదా. గా మాట గిదే.”

కాకా కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బట్టను వేళ్ల నడుమ నలిపి చూశాడు. రంగు దిగుతుందేమోనని తడి వేలితో రుద్దాడు. దిగలేదు.

“నీకు ఏడ జూసినా గదే కనవడ్తది. ఇవి అక్షరాలు గావు బిడ్డా, డిజైన్. డిజైన్‌కు అర్థమేంది?”

తర్వాత గుమస్తా వైపు తిరిగాడు.

“ఇదే డిజైన్ ఎర్రదాంట్ల గూడ ఓ లాటు వెయ్యమని మిల్లుకు ఫోన్ చెయ్. పోయిన లాటు కరీంనగర్‌ల మొత్తం వోయింది. టీచరమ్మలే ఎక్కువ తీస్కున్నరట.”