చుక్క సీసా పద్యానికి టీకాతాత్పర్యాలు

అవతారిక

వేదపండితుల మంథని పక్కనే ఉండగా సెంటినరీ కాలనీ క్వార్టరులో కూర్చుని పద్యానికి వ్యాఖ్య రాయబూనడం సాహసమే. అయితే వ్యాఖ్యాతలందరికీ పెద్ద దిక్కయిన మల్లినాథసూరిదీ మన సీమే, మెదకు దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం పాటిస్తే ఈ వ్యాఖ్యే ఉండదు.

మూలకర్త సింగరేణి రామగుండం-3 ఏరియాలో ఫిట్టరుగా పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి. పేరు రాయొద్దన్నాడు. మనవడి బడి ఎగ్జిబిషన్ కోసం ప్లాస్టిక్ షీటుతో అరచేతి డంపరు ఒకటి చేసి, మనవడు మరిచిపోయినా తాను మానలేక షావెల్‌కూ డ్రిల్లు బండికీ ఎగబాకాడు. కొడుకు హైదరాబాదు నుంచి రంగులు పంపుతుంటాడు. వాటిలో ఇంగ్లండువారి సిటడెల్ రంగు 12 మిల్లీలీటర్ల డబ్బీలో, పైకి లేచే మూతతో వస్తుంది. స్పెయిన్‌వారి వల్లెహో రంగు చుక్క సీసాలో వస్తుంది. ఒకటి కుంచె ముంచుకునే మతం, రెండోది నొక్కి రాల్చుకునే మతం. మొదటి మతాన్నుంచి రెండో మతంలోకి రంగుల్ని మార్పించే సందర్భంలో పుట్టిందీ పద్యం.

మూలం

మూత చుట్టు రంగు ముద్దకట్టకమున్నె
చుక్క సీసలోనఁ జొనుపవలయు
నీటి బొట్టు కలిపి నిదుర లేపిన రంగు
చేతికంటదయ్య సింగరేణి

టీక

మూత చుట్టు = డబ్బీ అంచుకూ మూతకూ నడుమ; రంగు = నీళ్ళతో కలిసే అక్రిలిక్ రంగు; ముద్దకట్టక మున్నె = ఎండి మూత పడకుండా చేయకముందే; నీటి బొట్టు కలిపి = ఒక్క బొట్టు మాత్రమే కలిపి; నిదుర లేపిన రంగు = అడుగున పేరుకున్నది కలియబెట్టగా లేచిన రంగును; చుక్క సీసలోన్ = సన్నని ముక్కు గల మెత్తని ప్లాస్టిక్ సీసాలో; చొనుపవలయు = ఎక్కించవలెను; సింగరేణి = ఓ సింగరేణీ; చేతికి అంటదయ్య = ఇది నిజం కాదు, కింద చూడుడు.

విశేషములు

"ముద్దకట్టకమున్నె" అన్నది కాలవిధి. అక్రిలిక్ రంగులో నీళ్ళు ఎగిరిపోతే అంటురేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొరకడతాయి. ఆ పొర మళ్ళీ నీళ్ళలో కరగదు. చిక్కబడిన రంగును బతికించవచ్చు, ఎండినదాన్ని కాదు. డబ్బీ తెరిచినప్పుడల్లా అంచున కాస్త రంగు మిగిలి ఎండుతుంది. అది మూతను పూర్తిగా పడనివ్వదు, ఆ సందులోంచి నీళ్ళు పోతాయి, రంగు ఇంకా చిక్కబడుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం సీమలో ఈ వ్యవహారం ఎంత త్వరగా ముగుస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అంచున ఎండిన పెళ్ళల్ని గిల్లి పారేయాలి. లోపలికి నెడితే రేపు సీసా ముక్కులో అడ్డం పడేవి అవే.

"నీటి బొట్టు" అన్న ఏకవచనం ఊరికే పడలేదు. ఒక బొట్టు వేసి, కలిపి, చూసి, చాలకపోతే మరొకటి. నీళ్ళెక్కువైతే అంటుపదార్థం పలచబడి రంగు పట్టు తప్పుతుంది. ఎత్తుల మీద నిలవక పల్లాల్లోకి జారుతుంది. ఏ నీళ్ళు? నల్లా నీళ్ళయినా ఒకటేనని పొరుగింటి ఓవర్‌మన్ గారి పక్షం. ఉప్పునీటి బోరు వాడకట్టులో అది చెల్లదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ శ్రేష్ఠమని సిద్ధాంతం. రంగుల కంపెనీలమ్మే మీడియం దానికన్నా మేలు, అంటుపదార్థం అందులోనే ఉంటుంది కనుక. ధర విన్నవాళ్ళు మళ్ళీ బ్యాటరీ నీళ్ళకే వస్తారు.

"చొనుప" అన్న క్రియ దగ్గర కవి ప్రతిభ తెలుస్తుంది. "పోయ" అనలేదు. పోస్తే పోదు. సీసా మూతి ఇరుకు, రంగు చిక్కన. లోపలి గాలి బయటికి రావాలంటే రంగు దారివ్వాలి, రంగు లోపలికి పోవాలంటే గాలి దారివ్వాలి. ఇద్దరూ గుమ్మంలో నిలబడి "మీరు ముందు" అనుకునే మర్యాదస్తుల్లాగా ఆగిపోతే రంగు అంచు మీంచి పొర్లి లుంగీ మీద పడుతుంది. దీనికి రెండు మార్గాలు. మెడికల్ షాపులో సూదిలేని సిరంజి కొని రంగును పీల్చి, సీసా అడుగుదాకా పెట్టి వదలడం ఒకటి. షాపతను ఎగాదిగా చూస్తాడు, చూడనివ్వాలి. సిరంజి గోడలకు కొంత రంగు అంటుకుని నష్టమవుతుంది కూడా. రెండోది సీసానే సిరంజి చేయడం. ఖాళీ సీసాను నొక్కి, ముక్కును రంగులో ముంచి, పట్టు సడలిస్తే తానే పీల్చుకుంటుంది. డబ్బీ అడుగున కాస్త మిగిలితే ముక్కు ఊడబీకి, మూతికి మూతి ఆనించి ఒంపాలి. ఊడిన ముక్కు తిరిగి నొక్కినప్పుడు టక్కున చప్పుడు కావాలి. కాకపోతే రేపు నొక్కినప్పుడు చుక్కకు బదులు ముక్కే వస్తుంది, వెనకాలే రంగంతా.

ఇక్కడ కవి చెప్పని మాట ఒకటుంది. సీసాలో గోలీ వేయాలి. ఊపినప్పుడు అదే అడుగున పేరుకున్నదాన్ని లేపుతుంది. "పాత స్కూటర్ బేరింగులో గోలీలు మస్తుగున్నయి కదనే, గవే ఎయ్యరాదు" అని ఫిట్టర్ల పూర్వపక్షం. బొగ్గుబాయి ఊర్లో ఈ వాదానికి బలం ఎక్కువ. కానీ మామూలు బేరింగు గోలీ స్టెయిన్‌లెస్ కాదు. నీళ్ళ రంగులో నానితే తుప్పు పడుతుంది, తెలుపు కాస్తా గోధుమరంగవుతుంది. స్టెయిన్‌లెస్ గోలీ గానీ గాజుపూస గానీ వేయాలి. నలభై ఏళ్ళు బేరింగులు మార్చిన చేయి కాబట్టి మూలకర్త ఈ సంగతి మాకు చెప్పేటప్పుడు వాదనకు చోటివ్వలేదు.

"రంగు" రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటిది డబ్బీలోది, రెండోది సీసాకు పోయేది. "నిదుర లేపిన" అని జడానికి చేతనధర్మం ఆరోపించడం వల్ల సమాసోక్తి. ఛందస్సు ఆటవెలది. సీసాను గురించిన పద్యం సీసంలో ఉండాలని పట్టుబట్టేవారు వేరే పద్యం రాసుకోవచ్చు.

"చేతికంటదయ్య": ఇది విధివాక్యం కాదు, అర్థవాదం. పనికి పురికొల్పడానికి చేసిన పొగడ్త, అంతే. మూలకర్త గోళ్ళు చూసినవారెవరూ దీన్ని వాచ్యార్థంలో తీసుకోరు. అయితే సింగరేణిని పిలిచి ఈ మాట చెప్పడంలో ధ్వని ఉంది. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైనప్పటి నుంచి తరతరాలు చేతులు రుద్ది కడుక్కుంటున్న జనం తరఫున, అంటని రంగు కూడా ఒకటుందట తల్లీ అని కంపెనీని చిన్నగా పొడవడం.

ఫలశ్రుతి

మరి దీనికి ఫలమేమిటి? శుభ్రత కాదు, అది తేలిపోయింది. ఫలం లెక్క. మందుల లెక్కన మిల్లీలీటరుకు 20 చుక్కలు. 12 మిల్లీలీటర్ల డబ్బీ అంటే సుమారు 240. చిక్కదనాన్ని బట్టి, ముక్కు రంధ్రాన్ని బట్టి అటూఇటూ. పసుపు మూడు చుక్కలు, గోధుమ ఒక చుక్క: ఓపెన్‌కాస్టు దుమ్ము పట్టిన డంపరు రంగు. ఈ రోజు ఎడమవైపు వేసి, వచ్చే వారం కుడివైపు వేసినా రెండు వైపులూ ఒకే బండివి అనిపిస్తాయి. కుంచెతో తోడుకుంటే ఈ భరోసా లేదు.

అందుకే లెక్కకు రాని రంగుల్ని మార్చడం వృథా ప్రయాస అని మా నిర్ణయం. వెండి, ఇత్తడి వంటి లోహపు రంగుల్లో మెరుపు పొరకలు త్వరగా అడుగుకు దిగుతాయి. డబ్బీలో అయితే కుంచె కాడతో కలిపి చూసుకోవచ్చు. నలుపు సంగతి ఇంకా విచిత్రం. డంపరు మీద బొగ్గుకు రంగెందుకని మూలకర్త అసలు బొగ్గునే నలగ్గొట్టి, జల్లెడ పట్టి, జిగురు మీద చల్లుతాడు. బొమ్మ రైళ్ళు చేసే విదేశీయులదీ ఇదే పద్ధతి. మెరిసే పొర, మాసిన పొర కలగలిసిన ఆ నలుపు ఏ సీసాలోనూ దొరకదు. ఆయన నల్ల డబ్బీ టైర్లకు మాత్రమే తెరుచుకుంటుంది, అది అలాగే ఉండనివ్వవచ్చు.

తాత్పర్యం

డబ్బీలోని రంగు ఎండిపోకముందే కొద్దిగా నీళ్ళు కలిపి, బాగా కలియబెట్టి, చుక్కలుగా రాలే సీసాలోకి మార్చుకోవాలి. చేతికి అంటుతుంది.

పాఠకులకొక మనవి. సీసాలకు డబ్బెందుకని వాడేసిన కంటిమందు సీసాలు కడిగి వాడకండి. శుక్లాల ఆపరేషనైన పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అది ప్రమాదం. ఖాళీ చుక్క సీసాలు విడిగా అమ్ముతారు. కొని, పోసిన వెంటనే రంగు పేరూ తేదీ రాసి అంటించి, మందుల అలమరకు దూరంగా పెట్టండి.