ప్రిపొజిషను పంతులుగారు

తిరుపతిలో కొండకు పోవు యాత్రికుల సందడికి కాస్త ఎడముగా, కచేరీ ఆవరణపు చెట్టునీడలలోను, పత్రికాపఠనమందిరపు అరుగులమీదను, ప్రిపొజిషను పంతులుగారని నేను పేరుపెట్టుకొన్న జాతి యొకటి కలదు. వీరిలో పింఛను పుచ్చుకొను హెడ్డుగుమాస్తాలు కొందరు, రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణమును ఏండ్లతరబడి వల్లె వేయించి విశ్రమించిన అయివార్లు కొందరు. అందరి జేబులోను ఎఱ్ఱసిరా కలమొకటి తప్పక యుండును. హిందూ పత్రికను తక్కినవారు వార్తలకై చదువుదురు. వీరు తప్పులకై చదువుదురు, దొరకనినాడు దిగులుపడుదురు.

వీరు చెప్పునది అసత్యము కాదు. డిస్కస్ అను క్రియకు అబౌట్ అక్కఱలేదు. రిటర్న్ అన్న పిమ్మట బ్యాక్ అనుట పునరుక్తి. కజిన్ బ్రదర్ అను చుట్టము ఆంగ్లేయుల యింట పుట్టలేదు. ఇంతవరకు నేనును వారి శిష్యుడనే. అయితే ఆ అబౌట్‌ను కొట్టివేయునపుడు వారి ముఖమున కలుగు వికాసము, ఆ వాక్యము ఎవరి కష్టమును గూర్చి వ్రాయబడినదో తెలిసినపుడు కలుగదు.

1906లో వెలువడిన ‘ది కింగ్స్ ఇంగ్లీష్’ ఆరంభమందే ఫౌలరు సోదరులు పరిచితమైన మాటను, పొట్టిమాటను ఎంచుకొనుమని విధించిరి. 1948లో సర్ ఎర్నెస్ట్ గవర్స్ బ్రిటిషు ఖజానాశాఖవారి కోరికపై, అక్కడి సర్కారు ఉద్యోగులు తేటగా వ్రాయవలెనని ‘ప్లెయిన్ వర్డ్స్’ అను చిన్న పొత్తమునే రచించెను. పంతులుగారు ఈ రెంటికిని అట్టలు వేసి, కంఠస్థము చేసి, పరులకు బోధింతురు. తాము అర్జీ వ్రాయునపుడు మాత్రము ‘ఐ బెగ్ మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ టు సబ్మిట్’ అను మంగళాచరణము లేనిదే కలము కదలదు. సుప్రభాతము పాడక స్వామిని మేల్కొల్పినట్లగునని వారి భయము.

చంద్రగిరి దిక్కు రైతొకడు, వేరుసెనగ ఎండిపోవుచుండగా, బావి లోతుచేయుటకు సర్కారువారి తక్కావి అప్పు కావలెనని వీరి నాశ్రయించెను. పంతులుగారు రెండు పుటలు వ్రాసిరి. అందు అనావృష్టిని గూర్చి ఒక షరతువాక్యము, కలెక్టరుగారి కరుణాస్వభావమును గూర్చి రెండు ఉపవాక్యములు, సెమికోలనులు యథాస్థానములందు, సర్వమును నిర్దుష్టము. చదివి అర్థము చెప్పగా రైతు తల గోకికొనుచు, “అంతా బాగుండాది సామీ, నా బావిమాట యాడుండాది?” అనెను.

“ఇంప్లై అయినది నాయనా,” అని పంతులుగారు సెలవిచ్చిరి.

రైతు మఱుమాట యనక ఇల్లు చేరి, ఫోర్తుఫారము చదువు కొడుకుచేత అడుగున ఒక్క పంక్తి వ్రాయించెను: ‘సార్, ఐ వాంట్ లోన్ ఫర్ వెల్.’ కచేరీ గుమాస్తా పై రెండు పుటలను ముట్టక, ఆ పంక్తి క్రింద గీటు గీచి కాగితము పైకి పంపెను. కొన్నాళ్లకు అప్పు మంజూరయ్యెను.

ఈ వార్త విని పంతులుగారు నిట్టూర్చిరి. లోన్‌కు ముందు ఆర్టికిలు లేని అర్జీని అంగీకరించు ప్రభుత్వము ఎన్నాళ్లు నిలుచునని నన్నడిగి, నా జవాబునకు వేచియుండక, నా చేతిలోని శుభలేఖను లాగికొని ఎఱ్ఱసిరా కలపు మూత తీసిరి.