అమెరికా నుంచి దిగే అభిప్రాయం

తిరువూరులో మార్నింగ్ షోకి గేటు తీసేసరికే సినిమా సంగతి తేలిపోయి ఉంటుంది. డాలస్‌లో గురువారం రాత్రి ప్రీమియర్ అయ్యేసరికి ఇక్కడ శుక్రవారం తెల్లారుతుంది. మనవాడు పళ్లు తోముకునేలోపే ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ అంటూ ఫోన్‌లో తీర్పు దిగిపోతుంది. మధ్యాహ్నానికి టీకొట్టు దగ్గర అదే సొంత అభిప్రాయం! ఊరవతల తెలంగాణ సరిహద్దు దాటితే టికెట్ రేటు మారుతుందేమో గానీ, ఈ మాట మాత్రం అటూ ఇటూ ఒకటే.

డబ్బు పెట్టేవాడు ముందు కనుక్కోవద్దా అంటారు. కనుక్కోవాల్సిందే. చూసొచ్చాక కూడా ఆ అరువు మాటే అప్పజెప్పడంతోనే చిక్కు. 2010లో ‘ఆరెంజ్’, ‘ఖలేజా’ ఫ్లాపని ఒకే గొంతుతో తేల్చేశారు. 2023లో మొదటిది, 2025లో రెండోది మళ్లీ విడుదలైతే ఈలలతో హాళ్లు అదిరాయి. కథలు అవే, హీరోలూ వాళ్లే. (ఆ ఈలల్లోనూ సగం పక్కవాణ్ని చూసి వేసినవే, అది వేరే సంగతి.) అసలు రివ్యూలే ఆపేస్తే పోలా అన్నది నిర్మాతల వైద్యం. తమిళ నిర్మాతలు మూడు రోజుల నిషేధం అడిగితే, 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వనంది. మంచిదే. మొదటి ఆట పూర్తి కాకుండానే అంటించే ‘బ్లాక్‌బస్టర్’ పోస్టరు రివ్యూ కాదా? ముందు దాన్ని మూడు రోజులు ఆపి చూపిస్తే వాళ్ల మొర ఆలకించవచ్చు.

తిరువూరు ప్రేక్షక మహాశయులారా, వచ్చే శుక్రవారం హాల్లోంచి బయటికొచ్చాక, ఫోన్ తీయకముందే సినిమా ఎలా ఉందో చెప్పండి.