ఎంబ్లెము పద్యానికి కొత్తపేట టీక

మూలం

ఇంజనొక్కటైన నెంబ్లెము మారగా
లక్షలెన్నొ పెరుగు లావుగాను
కొత్తపేట గుంత గుర్తును చూచునా
యెల్బినగరు సిగ్నలెరుగునొక్కొ

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతే రాసుకుని, టీక రాసే ముచ్చట తీరడానికి పద్యాన్ని అనాథను చేశాడని గిట్టనివారు అంటున్నారు. దానికి జవాబు ఇక్కడ అప్రస్తుతం. పుట్టిన చోటు మాత్రం నిశ్చయం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా మెట్రో స్తంభాల నీడన సాగే రోడ్డు అది. 2018 సెప్టెంబరు 24న పైన రైలు మొదలైంది. ఇక కింద బండ్లు తగ్గుతాయని ఆశపడినవారు ఇంకా ఆ సిగ్నల్ దగ్గరే ఉన్నారు. కవి ఆ దారిలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల అడ్డా ముందు ఆగి, పక్కపక్కనే నిలబెట్టిన రెండు బండ్లను, అద్దాల వెనక పెట్టిన అట్టముక్కల మీది రేట్లను చూసి ఆశువుగా చెప్పి ఉంటాడని పెద్దల ఊహ.

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి, మూలంలో లేనిదేదీ రాయనని ముందే ఒట్టు పెట్టుకుని మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. కాళిదాసుకు ఆ నియమం సరిపోయింది. కారు పద్యానికి సరిపోదు. ఇన్సూరెన్సు, లైఫ్ టాక్సు, ఈఎంఐ అన్నీ మూలానికి బయటే ఉంటాయి.

ప్రతిపదార్థం

ఇంజన్ = బానెట్ కింద ఉండునది, కొనేవాడి తరఫున బావమరిది తొంగి చూచునది; ఒక్కటైనన్ = ఒకే ఫ్యాక్టరీది, ఒకే శక్తి గలది అయినప్పటికీ; ఎంబ్లెము = ముందు గ్రిల్లుకు తగిలించిన గుర్తు, ఈ వీధి భాషలో సింబల్; మారగా = దాని స్థానంలో వేరొకటి రాగా; లక్షలెన్నొ = రూపాయలని అధ్యాహారం; పెరుగు = వృద్ధి పొందును (పెరుగన్నంలోని పెరుగే అని ఒక వ్యాఖ్యాత పట్టుబట్టాడు, ఆయన ఈఎంఐ కడుతున్నాడు కనుక క్షంతవ్యుడు); లావుగాను = మిక్కిలిగా; గుంత = జలమండలి తవ్వగా జీహెచ్ఎంసీ పూడ్చవలసినది; చూచునా = చూడదని భావం; ఎరుగునొక్కొ = ఎరుగునా ఏమి?

'లావుగాను' ద్రుతాంతం. దాని తర్వాత సరళాదేశం వచ్చి 'గొత్తపేట' కావాలి. కవికి వ్యాకరణం రాదని అనుకోరాదు. గొత్తపేట అంటే ఆటోవాడు ఎక్కించుకోడు.

తాత్పర్యం

లోపలి సరుకు ఒకటే అయినా పైన గుర్తు మారితే ధర పెరుగుతుంది; రోడ్డు మాత్రం ఆ తేడాను లెక్కచేయదు.

విశేషాలు

'ఇంజనొక్కటైన' అన్నది అతిశయోక్తి అని ఆలంకారికులు కొట్టిపారేస్తారు. వారు ఔరంగాబాద్ వైపు ఎన్నడూ చూడలేదు. అక్కడి షేంద్ర ఫ్యాక్టరీలో స్కోడా కొడియాక్, ఆడి క్యూ3 రెండూ బిగించారు. రెండింటికీ తల్లి ఫోక్స్‌వ్యాగనే. 2022లో వచ్చిన ఆ రెండు బండ్లకూ రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, 190 హార్స్‌పవరు, ఏడు గేర్ల ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ శక్తి. కొడియాక్ జనవరిలో 34.99 లక్షల నుంచి మొదలైంది, క్యూ3 ఆగస్టులో 44.89 లక్షల నుంచి. కొడియాక్‌లో ఏడుగురు కూర్చోవచ్చు, క్యూ3లో ఐదుగురే. అంటే పది లక్షలు ఎక్కువ పెట్టినవాడు అత్తగారినీ మామగారినీ ఇంట్లో దింపి రావాలి. దీన్ని కొందరు లోపమంటారు, కొందరు లగ్జరీ అంటారు.

ఇది ఆడి ఒక్కదాని మహిమ కాదు. కర్ణాటకలోని బిడదిలో టొయోటావారు క్యామ్రీ బిగించే చోటే, 2020 నుంచి తమ ఖరీదైన గుర్తు లెక్సస్‌తో ఈఎస్ 300హెచ్ కూడా బిగించారు. రెండింటిలోనూ రెండున్నర లీటర్ల హైబ్రిడ్డే. టొయోటావారు 1989లో అమెరికా కోసం ఆ గుర్తును పుట్టించారు. అదే కంపెనీ చేసిన బండి అయినా, టొయోటా పేరు మీద అయితే అక్కడి ధనికుడు అంత డబ్బు పెట్టడని వారికి తెలుసు. కాబట్టి 'ఇంజనొక్కటైన' అన్నది స్వభావోక్తి. కవి ఉన్నదే చెప్పాడు.

శంక: గుర్తు ఒక్కటే మారుతుందా? సీటు తోలు, తలుపు మూసినప్పటి చప్పుడు, అద్దాల మందం, డ్యాష్‌బోర్డు, ఇవి మారవా?

సమాధానం: మారతాయి. ఈ పూర్వపక్షంలో పస ఉంది, కవి దీన్ని దాటవేశాడు. పండగ ముందు ఆదివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి నుంచి కోణార్క్ థియేటర్ దాకా కారులో వెళ్ళి చూడండి. వెనక సిటీ బస్సు హారను, పక్కన ఆటో, ముందు చీరల షాపు మైకు. అద్దం ఎత్తగానే ఇదంతా మాయమయ్యే బండికి కొంత ఎక్కువ ఇవ్వడం తెలివితక్కువ పని కాదు. జర్మనీలో ఈ బండ్లను వేగం చెప్పి అమ్ముతారు. ఇక్కడ ఆ వేగానికి చోటు లేదు, నిశ్శబ్దానికి ఉంది. బండి ఎంతసేపు ఆగితే అంతసేపు ఆ పెట్టుబడి గిట్టుబాటవుతుంది. ఆ రకంగా ఎల్బీనగర్ సిగ్నల్ లగ్జరీ కార్లకు శత్రువని కవి అనుకోవడం పొరపాటు. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వేసి ప్రభుత్వమే ఆ ఆనందానికి కోత పెట్టింది.

ఇక 'గుంత గుర్తును చూచునా' అన్న చోట కవి పూర్తిగా తప్పాడని ఈ వ్యాఖ్యాత మతం. గుంత గుర్తును చూడని మాట నిజమే, కాని టైరును చూస్తుంది. ఖరీదైన బండికి పెద్ద అల్లాయ్ చక్రం, దాని చుట్టూ పొట్టి టైరు. టైరు గోడ ఎత్తు తగ్గినకొద్దీ దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఎత్తైన టైరున్న పాత వ్యాగనార్ అదే గుంతలో దిగి, ఒక్కసారి ఊగి, లేచి వెళ్ళిపోతుంది. కాబట్టి గుంత సమదర్శి కాదు, దానికి పక్షపాతం ఉంది. పేదవాడి వైపు మొగ్గే పక్షపాతం మున్సిపల్ వ్యవహారాల్లో అరుదు కనుక దీన్ని ప్రత్యేకంగా నమోదు చేయడమైనది.

'లావుగాను' పాదపూరణ కోసం వేసిన మాట అని చాలామంది అనుకుంటారు. లైఫ్ టాక్సు కట్టినవాడు అనుకోడు. 2022 మేలో తెలంగాణ పెంచిన లెక్క ప్రకారం, 20 లక్షలు దాటిన కారుకు ధరలో 18 శాతం పన్ను. అప్పటి ధరల మీద కొడియాక్‌కు 6 లక్షల 30 వేల దాకా, క్యూ3కి 8 లక్షల 8 వేల దాకా పడుతుంది. ఇంజను ఒకటే గదా అని ఆర్టీఏ ఆఫీసులో వాదించి లాభం లేదు. ఆడి గుర్తులోని నాలుగు వలయాల కోసమే లక్షా డెబ్బై ఎనిమిది వేలు అదనంగా కట్టాలి. ఆ వలయాలు 1932లో ఏకమైన నాలుగు జర్మన్ కంపెనీలకు గుర్తు. వలయానికి సుమారు నలభై నాలుగున్నర వేలు.

మరి గుర్తును చూసేదెవరు? పద్యం చెప్పదు. సాగర్ రోడ్డు ఫంక్షన్ హాల్లో పార్కింగ్ కుర్రాడు చూస్తాడు. ఆల్టోను వెనక సందులోకి తోలి, బెంజిని మండపం ఎదుటే, ఫోటోలో పడేలా పెడతాడు. పిల్లనిచ్చేవాళ్ళు చూస్తారు. అపార్టుమెంటు వాచ్‌మన్ చూసి గేటు రెండు రెక్కలూ తీస్తాడు. చూడనిది కర్మన్‌ఘాట్ హనుమంతుడొక్కడే. కాకతీయుల నాటిదని చెప్పే ఆ గుడి దగ్గర కొత్త బండి ఏదైనా చక్రానికొక నిమ్మకాయే. లెక్సస్ అని ఎవరూ పెద్ద నిమ్మకాయ వెతకరు.

గుర్తు చూసేవాళ్ళకు నంబరు ఇంకా బాగా కనిపిస్తుందన్నది మరో వాదం. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో టీజీ 09 శ్రేణి 9999 ధర 25 లక్షలు దాటింది. అది తగిలించుకున్న బండి టొయోటా ల్యాండ్ క్రూజర్. అంటే సామాన్యుడి గుర్తున్న అసామాన్యపు బండి. దాన్ని ఈ పద్యం ఏ పాదంలోనూ ఇమడ్చలేదు, మేమూ ఇమడ్చలేం.

ఇప్పటిదాకా చెప్పినవాటి కన్నా గట్టి ప్రమాణం లగ్జరీ బండ్లలో లేదు, చిన్నబండ్లలో ఉంది. 2019 జూన్‌లో టొయోటా గ్లాంజా వచ్చింది. అది మారుతీ బలేనోయే. గుజరాత్‌లో సుజుకీ ఫ్యాక్టరీలో పుట్టి, టొయోటా గుర్తు పెట్టుకుని షోరూం మారింది. కవి పద్యానికి ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ దొరకదు. అయితే అందులో ఒక మెలిక ఉంది. బలేనోకు అప్పుడు వారంటీ రెండేళ్ళు లేదా 40 వేల కిలోమీటర్లు. అదే బండికి టొయోటా ఇచ్చింది మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. రేకు అదే, ఇంజను అదే, పూచీ మాత్రం రెండున్నర రెట్ల దూరం. ఆ తేడా గుర్తు మీద కనిపించదు, కాగితం మీద రాసి ఉంటుంది. సంతకం చేసినవాడు దానికి బద్ధుడు. మారుతీవారు కూడా 2024 జులైలో అదే మూడేళ్ళు, లక్ష కిలోమీటర్లకు వచ్చారు. అంటే ఐదేళ్ళ పాటు టొయోటా గుర్తుకు నిజంగానే విలువ ఉంది, ఆ తర్వాత దాన్ని పక్కవాడు కాపీ కొట్టాడు. నా దృష్టిలో గుర్తుకు ఎక్కువ ఇవ్వడానికి ఇదొక్కటే ఒప్పుకోదగిన కారణం. గుర్తు వెనక కాగితం ఎంత పొడుగుందో అంతే ఇవ్వాలి. నిశ్శబ్దానికి వేరే ఇవ్వండి, అభ్యంతరం లేదు.

ఈ సూత్రాన్ని కవి నిలబడిన అడ్డాలోనే పరీక్షించవచ్చు. పదేళ్ళు దాటిన ఆడి కొత్త స్విఫ్టు ధరకే దొరికే చోటు అది. మొదటి యజమాని గుర్తుకు పెట్టిన లక్షలన్నీ ఆవిరై, తరుగుదల పోగా మిగిలిన ఇంజను, తోలుసీట్లు రెండో యజమానికి వస్తాయి. అట్టముక్క మీద 'డాక్టర్ యూజ్డ్, సింగిల్ ఓనర్' అని ఉంటుంది. ఈ నగరంలో డాక్టర్లు అమ్మేసిన కార్లన్నీ కలిపితే ప్రతి రోగికీ ఒకటి వస్తుంది. ఆ ఆడి పక్కనే రెండేళ్ళ బలేనో నిలబడి ఉంటుంది.

బలేనోకు వారంటీ ఎంత మిగిలిందని అడగండి. అడ్డా కుర్రాడు ఫోను తీసి, తేదీ చూసి, కిలోమీటర్లు లెక్కగట్టి చెబుతాడు: "ఇంకో ఏడాది ఉంటది అన్నా, నీ పేరు మీదికి మారుతది." ఆడికి ఎంత మిగిలిందని అడగండి. ఫోను జేబులో పెట్టేసి, బానెట్ మీద చెయ్యి వేసి అంటాడు: "అన్నా, ఇది ఆడి అన్నా. దీనికి వారంటీ ఎందుకు?"

ఆ వాక్యానికి టీక అడిగితే చాయ్ తెప్పిస్తాడు.