తానా లేని తందానా

పెడల్ స్టీల్ గిటార్ వాయించేవాడికి అభిమానులు తక్కువ. కానీ ఉన్నవాళ్ళు సామాన్యులు కారు. శుభలేఖ చేతికిస్తే వధూవరుల పేర్లు వదిలేసి అట్టడుగున ప్రింటింగ్ ప్రెస్సు పేరు చదివే రకం. రికార్డు కొన్నాక, ముందు అట్ట మీద టోపీ పెట్టుకుని నవ్వుతున్న గాయకుణ్ణి చూడను కూడా చూడరు. గబుక్కున వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో స్టీల్ అన్న మాట పక్కన ఎవరి పేరుందో వెతుకుతారు. దొరికిందా, ఆ పూటకి కడుపు నిండినట్టే. ఇలాంటివాళ్ళందరికీ తీరని కోరిక ఒకటుంటుంది: ఎన్నాళ్ళని ఈయన ఎవరో ఒకరి వెనకాల కూర్చుంటాడు, ఒక్క సోలో ఆల్బమ్ వేస్తే ఏం పోయింది? కోరికలో కల్మషం లేదు. కాకపోతే లెక్క తప్పింది. నన్నడిగితే ఆ ఆల్బమ్ ఎప్పుడో వచ్చేసింది. ఒకటి కూడా కాదు, పక్షానికొకటి చొప్పున వస్తూనే ఉంది. దాన్ని మళ్ళీ విడిగా అట్ట కట్టి అమ్మమనడం, పులిహోర బాగా కుదిరింది కనక ఈసారి పోపు ఒక్కటే విస్తట్లో వడ్డించమనడం లాంటిది.

లెక్కలోకి వెళ్ళేముందు ఆ వాయిద్యాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. పేరులో గిటారుంది గానీ ఇది మెడలో వేసుకుని గంతులు వేసేది కాదు. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన సన్నటి బల్ల. దాని మీద పది తీగలు. రెండు వరసలున్న బల్లయితే ఇరవై. స్టీల్ అన్న మాట కూడా బల్లది కాదు, ఎడమచేత్తో పట్టుకుని తీగల మీద జార్చే ఉక్కు కడ్డీది. మెట్లుండవు, ఊరికే గుర్తుకి గీతలుంటాయి. గోటువాద్యం విన్న చెవులకి ఆ జారుడు పరాయిది కాదు. కుడిచేతి బొటనవేలికీ మరో రెండు వేళ్ళకీ తొడుగులు, ఎడమపాదం కింద మూడు పెడళ్ళు, మోకాళ్ళు అటూ ఇటూ జరిపితే తగిలేలా నాలుగైదు మీటలు, కుడిపాదం కింద శబ్దాన్ని పెంచీ తగ్గించే ఇంకో పెడల్. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడికి తప్ప ఒంట్లో ఇన్ని భాగాలకి ఒకేసారి పని ఇంకెవరికీ ఉండదు. అమెరికన్ కంట్రీ పాటల రాజధాని నాష్‌విల్‌లో ఎక్కువగా వాడే E9 శ్రుతిలో మొదటి పెడల్ తొక్కితే రెండు తీగలు ఒక స్వరం పైకి లేస్తాయి. రెండోది తొక్కితే మరో రెండు తీగలు అరస్వరం లేస్తాయి. రెండూ కలిపి తొక్కితే E మేజర్ కాస్తా A మేజర్ అయి కూర్చుంటుంది, కడ్డీ మాత్రం పెట్టిన చోటే ఉంటుంది. కొన్ని స్వరాలు కదలకుండా నిలబడితే మిగతావి జారుతూ వెళ్ళి వాటిని ఇంకో చోట కలుసుకోవడం, 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ జనానికి వినిపించింది ఇదే. అది విన్న తక్కిన స్టీల్ వాద్యకారులు తమ బల్లలకి కూడా పెడళ్ళు బిగించుకోడానికి పరుగులు తీశారు. ఇక కుడిపాదం చేసే మాయ వేరు. తీగ మీటే క్షణంలో శబ్దాన్ని నొక్కి ఉంచి, మీటాక మెల్లగా వదులుతారు. టప్పుమన్న చప్పుడు మనదాకా రాదు, ఎక్కడ మొదలైందో తెలియని ఏడుపొకటి మాత్రం వస్తుంది. పాటలో పెళ్ళాం వదిలేసి పోయింది గాయకుణ్ణి. ఏడ్చేది మాత్రం ఈయన.

ఇప్పుడు లెక్క. మూడు నిమిషాల పాటలో ఈయన వాటా ఎంత? మొదట్లో ఎత్తుగడ ఓ పది సెకన్లు, పంక్తికీ పంక్తికీ మధ్య సందుల్లో కాసిని, రెండో చరణం అయ్యాక సగం ఇంటర్‌లూడ్ (మిగతా సగం ఫిడేలుకి పోతుంది, పంపకాల్లో అన్నదమ్ముల్లాగ), చివర్లో ఒక నిట్టూర్పు. అంతా కలిపి నలభై సెకన్లు వేసుకుందాం. అరవై పాటలకి 2,400 సెకన్లు, అంటే నలభై నిమిషాలు. ఎల్పీ రికార్డుకి రెండు పక్కలా సరిపోతుంది. నాష్‌విల్ ఆనవాయితీ ప్రకారం ఒక సెషన్ మూడు గంటలు. పొద్దున పదింటికొకటి, మధ్యాహ్నం రెండింటికొకటి, సాయంత్రం ఆరింటికొకటి. ఒక్కోదాంట్లో మూడు నాలుగు పాటలు తెమలాలి. స్వరలిపి రాసిన కాగితాలుండవు, కిరాణా చిట్టాలాగ ఒకటి, నాలుగు, ఐదు, మళ్ళీ ఒకటి అని అంకెలు వేసిన చీటీ ఒకటిస్తారు. అంటే అరవై పాటలకి పదిహేను నుంచి ఇరవై సెషన్లు. రోజుకి రెండు సెషన్లు చేసే గిరాకీ ఉన్న మనిషికి ఇది పది రోజుల పని. స్టీల్ అక్కర్లేని పాటలూ ఆదివారాలూ తీసేసినా పక్షం దాటదు. అలా ఏళ్ళ తరబడి వాయించినవాణ్ణి పట్టుకుని ఆల్బమ్ ఎప్పుడు వేస్తావయ్యా అనడం, రోజూ మూడు పూటలా వండుతున్న ఇల్లాలిని వంట వచ్చా అనడమే. స్టీల్ వాద్యకారుడు పీట్ డ్రేక్ సంగతే చూడండి. టామీ వైనెట్ 'స్టాండ్ బై యువర్ మాన్' 1968లో, బాబ్ డిలన్ 'లే లేడీ లే' 1969లో, జార్జ్ హారిసన్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' 1970లో. మూడేళ్ళలో మూడు లోకాలు చుట్టి వచ్చిన ఆ ముక్కలు చాలవని ఎవరనగలరు?

అభిమాని అనగలడు. ముక్కలు ముక్కలేనండీ, అరవై పాటల్లో నలభయ్యేసి సెకన్లు ఏరుకుని వినడం ఎవరి తరం, కత్తిరించి ఒకచోట అతికిస్తే హాయిగా వింటాం కదా అంటాడు. న్యాయంగానే కనిపిస్తుంది, అతికించేదాకా. బుర్రకథలో నడుమ కథకుడు, చెరో పక్కా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకుడు ఒక ముక్క చెబితే వంతలు తందానా అంటారు, మధ్యలో అడ్డుప్రశ్న వేస్తారు, అయ్యో అంటారు, ఆహా అంటారు. ఆ అయ్యోలు, ఆహాలు పడే చోట పడబట్టే కథ కదులుతుంది. తెలివైన వంత లేకపోతే ఎంతటి కథకుడైనా గోడతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఇందులో సందేహం లేదు. అలాగని కథకుడి మాటలన్నీ తీసేసి తందానాలూ అయ్యోలూ మాత్రమే టేపు మీద వరసగా ఎక్కించారనుకోండి, వినేవాడు డాక్టర్ని పిలవాలో పురోహితుణ్ణి పిలవాలో తేల్చుకోలేడు. పెడల్ స్టీల్ పని ఇదే. అది జవాబు. గాయకుడు ఇల్లు ఖాళీగా ఉంది అని పాడి ఊపిరి పీల్చుకునే సందులో, ఎంత ఖాళీగా ఉందో స్టీల్ చూపిస్తుంది. చాలాసార్లు ప్రశ్న కంటే జవాబే గొప్పగా ఉంటుంది, అది కూడా ఒప్పుకుంటాను. కానీ ఎంత గొప్ప జవాబుకైనా ముందు ప్రశ్నంటూ ఒకటుండాలి.

ఈ సంగతి అభిమానులకంటే వాద్యకారులకే బాగా తెలుసని నా అనుమానం. చేతికి మైకు దొరికినప్పుడు వాళ్ళేం చేశారో చూస్తే అనుమానం బలపడుతుంది. పీట్ డ్రేక్‌కి సొంత పేరు మీద పెద్ద హిట్ 1964లో వచ్చింది, 'ఫరెవర్'. ఎలా వచ్చింది? స్టీల్ శబ్దాన్ని ఒక గొట్టంలోంచి నోట్లోకి పంపించి, పెదవులు కదిపి, ఆ శబ్దం చేత మాటలు పలికించాడు. స్టీల్‌కి ఒంటరిగా నిలబడే అవకాశం వస్తే అది మొదట చేసిన పని, గాయకుణ్ణి వెతుక్కోవడం. రస్టీ యంగ్ 1968లో పోకో బృందంతో మొదలుపెట్టి, తొలి సోలో ఆల్బమ్ 2017లో వేశాడు, డెబ్బై ఒకటో ఏట. అభిమానులు అరవై ఏళ్ళ వాళ్ళయి, మనవల్ని ఎత్తుకుని ఎదురుచూసి ఉంటారు. తీరా వినబోతే ప్రధానంగా ఆయన పాడుతున్నాడు! బడ్డీ ఎమ్మన్స్ అంతటివాడికి ఇరవయ్యారేళ్ళకే, 1963లో, పెద్ద కంపెనీ సోలో అవకాశం ఇస్తే, న్యూయార్క్ వెళ్ళి జాజ్ వాద్యకారుల మధ్య కూర్చుని 'స్టీల్ గిటార్ జాజ్' చేసి వచ్చాడు. అద్భుతమైన రికార్డు, సందేహమే లేదు. అయితే కన్నీటి పాటల ఎమ్మన్స్ కావాలన్నవాడికి అందులో కన్నీటి చుక్క దొరకదు. రాల్ఫ్ మూనీ మరీ విడ్డూరం. చెప్పుకోవాల్సిన గోడు ఆయనకీ ఉంది, కానీ వాయించలేదు, ఇంకొకరితో కలిసి పాటగా కట్టాడు. అదే 'క్రేజీ ఆర్మ్స్'. 1956లో రే ప్రైస్ పాడితే కంట్రీ పాటల పట్టికలో ఇరవై వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఎవరికీ తెలియకుండా ఒక స్టీల్ వాద్యకారుడు దేశం మొత్తం చేత సోలో పాడించినట్టే కదా.

ఇంతలో విషయం తెలిసినవాళ్ళు చెయ్యెత్తుతారు. 1959లో శాంటో అండ్ జానీ 'స్లీప్ వాక్' గాయకుడు లేకుండానే అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళలేదా? వెళ్ళింది. దానికి పెడళ్ళు లేవు అని తప్పించుకోవచ్చు గానీ, అది ప్లీడరు జవాబు అవుతుంది. అసలు సంగతి, అది రెండున్నర నిమిషాల పాట. నలభై నిమిషాలు కాదు. మన దేశం మాటేమిటి అంటారు ఇంకొకరు. హవాయిలో పుట్టిన ఈ జారుడు గిటారు కలకత్తా మీదుగా మనదాకా వచ్చింది. సునీల్ గంగూలీ, వాన్ షిప్లీ దాని మీద సినిమా పాటలు రికార్డుల కొద్దీ వాయించారు. రేడియోలో కార్యక్రమాల మధ్య మిగిలిన రెండు నిమిషాలని కొన్ని దశాబ్దాలపాటు కాపాడింది ఆ గిటారే. నిజమే, కానీ అక్కడ గాయకుడు లేడని ఎవరన్నారు? వినేవాడి బుర్రలో ఉన్నాడు. చరణం రాగానే గిన్నెలు కడుగుతున్న మనిషి కూడా మాటలు తనే అందుకునేది. ఫిడేలుని పక్కవాద్యం పీట మీంచి లేపి నడిమి పీట మీద కూర్చోబెట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఉదాహరణ ఇంకా బరువైనది. ఆయన చేసినది స్టీల్ వాద్యకారుడు చేయకూడదా? అయితే ఒక తేడా ఉంది. మన ఫిడేలు పక్కవాద్యంగా ఉన్న రోజుల్లోనే రాగం మొత్తం ఎత్తుకునేది, కల్పనస్వరాలకి బదులు చెప్పేది, కృతి ఆసాంతం వెంట నడిచేది. దానికి దక్కింది పక్క పీటే గానీ విస్తరి నిండా వడ్డించారు. సాహిత్యం తెలిసిన శ్రోత మనసులో పాడుకుంటూనే ఉన్నాడు. అర పంక్తి జవాబులతో ఎదిగిన స్టీల్‌కి ఆ ఆస్తి లేదు. జారుడు గిటారే వాయించే విశ్వమోహన్ భట్‌కి గ్రామీ తెచ్చిన 'ఎ మీటింగ్ బై ది రివర్' కూడా రై కూడర్ పక్కన కూర్చుని మాట్లాడబట్టే అంత బాగుంది. అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ చర్చిల్లో స్టీల్ ఊగిపోతుంది, నిజమే. అక్కడా ప్రసంగించే పాస్టరు ఉన్నాడు, ఊ కొట్టే జనం ఉన్నారు. ఒక్క సూజన్ ఆల్కార్న్ దగ్గర మాత్రం నా వాదం నోరు మూసుకుంటుంది. హ్యూస్టన్ కంట్రీ బృందాల్లో వాయించిన ఆవిడ ఆ దారి వదిలి, ఒంటరిగా బల్ల ముందు కూర్చుని, నిశ్శబ్దాన్నే ప్రశ్నగా తీసుకుని జవాబులు చెప్పింది. 2015లో 'సోలిడాడ్' ఆల్బమ్‌లో టాంగో స్వరకర్త పియజోలా స్వరాలు వాయించింది. అలాంటిది మీ అభిమాన వాద్యకారుడు కూడా చేస్తే వినడానికి సిద్ధమేనా అని అడగండి. ఏడుపు వినడానికి వచ్చిన అభిమాని చెప్పులు వెతుక్కుంటాడు.

మిగిలింది న్యాయం. నిజానికి ఈ కోరిక అడుగున ఉన్నది అదే. పాట హిట్టయితే గాయకుడికి బంగళా, స్టీల్ వాయించినవాడికి సెషన్‌కి ఇంత అని కట్టిన కూలీ. పేరు చీమ తలకాయంత, కొన్ని రికార్డుల మీద అదీ లేదు. దీని మీద అభిమాని కోపం నూటికి నూరుపాళ్ళు సబబు. కానీ బాకీ తీర్చే పద్ధతి అది కాదు. వంతకి అన్యాయం జరిగిందని కథకుణ్ణి ఇంటికి పంపేస్తే వంతకి ఒరిగేదేముంది? ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేస్తే సరి. 1972లో మైఖేల్ నెస్మిత్ ఒక రికార్డు చేశాడు, 'అండ్ ది హిట్స్ జస్ట్ కీప్ ఆన్ కమిన్' అని. అందులో డ్రమ్ముల్లేవు, బాస్ లేదు, ఫిడేలు లేదు. ఆయన గొంతు, ఆయన గిటారు, రెడ్ రోడ్స్ పెడల్ స్టీల్, అంతే. సందులన్నీ స్టీల్‌వే, పంపకాల్లో దాయాదులెవరూ లేరు. పెడల్ స్టీల్ సోలో ఆల్బమ్‌లలో నాకు తెలిసి అంతకంటే గొప్పది లేదు, అది గాయకుడి ఆల్బమ్ అయినా సరే. నలభై ఏళ్ళు గడిచాక, 2013లో, పాల్ ఫ్రాంక్లిన్‌కి ఇంకాస్త న్యాయం జరిగింది. 'బేకర్స్‌ఫీల్డ్' అట్ట మీద గాయకుడు విన్స్ గిల్ పేరు, పక్కనే స్టీల్ వాయించిన ఫ్రాంక్లిన్ పేరు. పాటలు మెర్ల్ హాగర్డ్‌వీ, బక్ ఓవెన్స్‌వీ. 2023లో అదే జంట రే ప్రైస్ పాటలతో మళ్ళీ వచ్చింది.

పేరు ముందు అట్ట మీదికి ఎక్కింది కనక అభిమాని శాంతించి ఉంటాడని అనుకుంటే వాడి సంగతి మనకి తెలియనట్టే. ఆ పేరుని ఓసారి వేలితో తడుముతాడు, సంతోషిస్తాడు, తర్వాత అలవాటు కొద్దీ రికార్డు వెనక్కి తిప్పుతాడు. కళ్ళజోడు సర్దుకుని, చిన్న అక్షరాల్లో ఫిడేలు వాయించింది ఎవరా అని వెతుకుతాడు. దొరకగానే గాఢంగా నిట్టూర్చి, పాపం, ఈయన సోలో ఆల్బమ్ ఎప్పుడు వేస్తాడో అనుకుంటాడు.