200 లీటర్ల భగీరథుడు

నాకో జబ్బుంది. లెక్క నోటికొస్తే పనైపోయిందనుకుంటాను. మీకూ ఉందిలెండి, కాకపోతే మీరు బయటికి చెప్పుకోరు.

చదరపు మీటరు డాబా మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. మా డాబా 120 గజాలు, అంటే 100 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాది వాన అటూ ఇటూగా 800 మిల్లీమీటర్లు. 80 వేల లీటర్లు! కుండీల్లో వంగ మొక్కలకే కాదు, వీధి వీధికీ పోయొచ్చు. పాలవాడికి చెప్పాను, ఇస్త్రీ అబ్బాయికి చెప్పాను. నెలరోజుల పాటు నన్ను చూడగానే జనం సందు మార్చారు.

ఇంత గంగనూ పట్టడానికి నేను కొన్నది ఒక్క నీలం డ్రమ్ము. పాత సామాన్ల కొట్లో 700 రూపాయలు, 200 లీటర్లది. 2 మిల్లీమీటర్ల జల్లుకే నిండిపోతుందన్న లెక్క మాత్రం తట్టలేదు. ఇదివరకు ఇందులో ఏముండేదంటే కొట్టువాడు "సబ్బు నీళ్లే సార్, కడిగినట్టే లెక్క" అన్నాడు. ఆ మాటకు పడిపోయాను.

కింద దిమ్మె కట్టాలి, పొర్లే నీళ్లకు వేరే గొట్టం పెట్టాలి, తొలి వాన మురికి బయటికి పోయే దారి ఉండాలి, 3 వేలవుతుందన్నాడు ప్లంబరు. నవ్వి పంపేశాను. చువ్వ కాల్చి డ్రమ్ము అడుగున నేనే బెజ్జం పెట్టి కుళాయి బిగించాను. మేడ మీద వరండాలో, మెట్ల పక్కన, డాబా గొట్టం కోసి దాని కింద నిలబెట్టాను. రాత్రి జల్లు పడింది. డ్రమ్ము నిండింది. వరండా కూడా నిండింది, ఆ సంగతి వదిలేయండి. పొద్దున చూస్తే కుళాయి కింద చెంబు కూడా పట్టదు.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. కింద అద్దెకున్నవాళ్లింట్లో పేరంటం. "ఏవండీ, మగ్గుతో తోడేసి, ఖాళీ అయ్యాక ఇటుకలు పెట్టండి" అంది మా ఆవిడ. అంత సులువైన మాట మగవాడికి రుచిస్తుందా? నిండు డ్రమ్ము 200 కిలోలని తెలిసీ గడ్డపార దూర్చాను, ఎత్తాను, ఇటుక కాలితో తోశాను, డ్రమ్ము వాలింది, పట్టుకున్నాను, నన్నూ పట్టుకుని వాలింది, నీళ్లు మెట్ల మీదికి దూకాయి, దూకుతూనే నురగలు కక్కాయి, కింద విడిచిన పేరంటాళ్ల చెప్పులన్నీ ఎత్తుకుని, ముగ్గు తుడిచేసి, గేటు దాటి వీధి కాలువ దారి పట్టాయి. భగీరథుడి వెంట గంగ నడిచిందట. నేను గంగ వెంట పరిగెత్తాను, లుంగీ ఎగ్గట్టి, గడ్డపారతో సహా. గడ్డపార ఎందుకు వదల్లేదని అడక్కండి.

వాయనాలు పట్టుకుని ఆడవాళ్లంతా గుమ్మంలో నిలబడ్డారు. "అన్నయ్యగారూ, ఇవేనా ఆ 80 వేల లీటర్లు?" అంది అద్దెకున్నావిడ.

మర్నాడు ప్లంబరు 4 వేలన్నాడు. నవ్వలేదు, అది అతని పెద్దరికం. ఇప్పుడు దిమ్మె ఉంది, పొర్లు గొట్టం ఉంది, దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి సన్నటి జాలీ ఉంది. డ్రమ్ము సబ్బు వాసన పోయేదాకా నాలుగు రోజులు తోమాను. చెప్పులు కూడా దొరికాయి, ఒక్కటి తప్ప. ఎర్ర పట్టీలది, ఎడమ కాలిది. దిగువ వీధుల్లో ఎవరికైనా కనిపిస్తే దయచేసి కబురు చేయండి. రెండోది ఆ చెప్పులావిడ మా గుమ్మంలోనే వదిలేసి వెళ్లింది.