లైన్ క్లియర్ బావగారు

తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు మా వీధితలుపు మీద రెండుమారులు దీర్ఘముగా, ఒకమారు హ్రస్వముగా చప్పుడైనచో, వచ్చినవాడు దొంగయు కాడు, పాలవాడును కాడు. ముప్పదియైదేండ్లు గూడ్సుబండి తుదిపెట్టెలో కూర్చుండి, వికారాబాదు–వాడి మార్గమున ఎర్రజెండా పచ్చజెండాలతో కాలము వెళ్ళబుచ్చి, పదవీవిరమణానంతరము పరుగు అను వ్యసనమున పడిన మా బావగారు. "బామ్మర్దీ, లైన్ క్లియర్! లెవ్వు!" అని ఆయన కేకవేయగానే వీధిలోని కుక్కలన్నియు లేచును, నేనొక్కడనే లేవను.

ఈ వ్యసనపరులు ఇప్పుడు ప్రతి పట్టణమునను కలరు. వీరిని గుర్తించుట సులభము. మోకాలినొప్పిని గూర్చి లోకులు దుఃఖముతో చెప్పుకొనగా, వీరు గర్వముతో చెప్పుకొందురు. పెండ్లివిందులో ప్రక్కవాడు గారెను కొరుకుచుండగా, ఆ గారె అరుగుటకు ఎన్ని కిలోమీటర్లు పట్టునో లెక్కగట్టి వాని చేతిని నోటివద్దనే ఆపుదురు. "ఎట్లున్నరు?" అని అడిగినచో క్షేమసమాచారమునకు బదులు నిమిషములు, సెకండ్లు జవాబుగా వచ్చును. గడచిన ఆదివారము తాము పరుగెత్తిన దారిని వర్ణింపనారంభించిరా, ఆ పరుగునకు పట్టిన కాలముకంటె వర్ణనకు పట్టు కాలమే ఎక్కువ. ఈ సామాన్యలక్షణములన్నియు బావగారియందును సమృద్ధిగా కలవు. వానికి తోడు రైల్వే అను పూర్వసంస్కారమొకటి వారిని విడువలేదు.

వారు ఇతరులవలె అలసిపోరు. "ఔటర్‌ల సిగ్నల్ దొరకలే" అందురు. ఎవడైనను వెనుకనుండి వచ్చి దాటిపోయినచో అది ఓటమి గాదు. "ఎక్స్‌ప్రెస్‌కు దారిచ్చి లూప్ లైన్ల నిలబడ్డ" అందురు. ఘాటులో రొప్పు హెచ్చినప్పుడు నా భుజముమీద చేయివైచి, తమ బరువులో మూడవవంతును నాకు ఒప్పగింతురు; నాకప్పుడు బ్యాంకర్ ఇంజనని పేరు. 2022లో రైల్వేశాఖ గార్డు అను పురాతన నామమును రద్దుచేసి ట్రైన్ మేనేజరు అను బిరుదమును ప్రసాదించినది. గార్డుగా ముప్పదినాలుగేండ్లును మేనేజరుగా ఒక యేడును పనిచేసిన బావగారు, కూతురి పెండ్లిపత్రికలో ఆ రెండవదానినే అచ్చువేయించిరి. వికారాబాదునుండి తాండూరునకు సుమారు 40 కిలోమీటర్లు. మారథాను పరుగు 42 కిలోమీటర్ల 195 మీటర్లు. కావున ఉద్యోగకాలమున తాము దినమున కొక మారథాను చొప్పున పూర్తిచేసినట్లేయనియు, పరుగెత్తినది బండి గదా యనుట వట్టి సాంకేతికాభ్యంతరమనియు వారి సిద్ధాంతము.

ఇట్లు సుఖముగా పరుగెత్తుచున్న మనుష్యుని మనస్సును కలచివేసినవాడు కన్నకొడుకు. ఆ పిల్లవాడు జర్మనీదేశమున హైడెల్‌బెర్గులో చదువుకొనుచున్నాడు. అచ్చట నెక్కార్ అను నది. నది కీవలి గుట్టమీద తత్త్వవేత్తల బాట యని ప్రసిద్ధిగల దారి. ఆ దారినుండి చూచినచో ఆవలి కొండచరియమీద ఎర్రరాతి కోట, 1689లోను 1693లోను ఫ్రెంచిసేనలు పాడుచేయగా మిగిలినది, 1764లో పిడుగుపడి కాలగా మరల మిగిలినది. తత్త్వవేత్తలు మెల్లగా నడిచిన ఆ దారిలో వీడు పరుగెత్తి, చెమటపట్టిన తన ముఖము కుడిప్రక్కను, కోట యెడమప్రక్కను పడునట్లు ఫోటో తీసి తండ్రికి పంపెను. బావగారు రెండువ్రేళ్ళతో ఆ బొమ్మను పెద్దదిచేసి, కొడుకు ముఖమును వదలి, కోటను పావుగంటసేపు చూచిరి.

"పోరనికి కోట ఉన్నది. నాకేమున్నది? సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం!" అనిరి.

నాటినుండి కోటాన్వేషణ మారంభమయ్యెను. వికారాబాదునకు తన పేరిచ్చిన వికారుల్ ఉమరా, పైగా అను వంశమునకు చెందినవాడు, నిజామునకు ప్రధానమంత్రి, కొండమీద మహాభవనము కట్టకపోలేదు. కాని ఆ కొండ హైదరాబాదులోనిది, ఆ భవనము ఫలక్‌నుమా, దానిని కట్టిన ఖర్చునకు ఆయనయే తట్టుకొనలేక ఆరవ నిజామునకు ఒప్పగించెనని వినికిడి. పేరు మాకును మేడ వారికిని దక్కినది. పిదప, పేరులోనే కోట ఉన్నది గదా యని కోట్‌పల్లికి పోతిమి. అచ్చట నున్నది జలాశయము. నగరమునుండి వచ్చిన యువతీయువకులు లైఫ్ జాకెట్లు తొడిగికొని, కయాకులలో కూర్చుండి, ఎటుపోవలెనో తెలియక గుండ్రముగా తిరుగుచుండిరి. బావగారు కట్టమీద నిలిచి, నడుముమీద చేతులుంచుకొని, "కోట నీళ్ళల్ల మునిగి ఉంటది" అని నిర్ణయించిరి. మేకలు తోలుకొని పోవుచున్న ముసలి కాపరి, "కోట లేదు, గీట లేదు సారూ. ఉంటే మా తాత చెప్పకపోతుండెనా?" అని చరిత్రపరిశోధనను ఒక్క వాక్యమున ముగించి తన దారిని పోయెను.

కోట లేకున్నను మా కొండ అనంతగిరి అనంతగిరియే. ఎర్రమట్టి బాట, ఇరువైపుల సీతాఫలపు పొదలు, మంచు విడువని లోయ. అనంతపద్మనాభస్వామి సన్నిధికి చేరువగునప్పటికి కోతులు. ఇవి బావగారి చేతిలోని అరటిపండును విజిలు ఊదువరకు ఆగక తీసికొనిపోవును. ఈ కొండమీదనే క్షయరోగుల ఆసుపత్రి కలదు. పూర్వము ఊపిరితిత్తులు చెడినవారు ఇచ్చటికి వచ్చి, మంచము మీద పరుండి, మంచిగాలి పీల్చి బాగుపడిరి. ఇప్పుడు ఊపిరితిత్తులు బాగున్నవారు ఇచ్చటికి వచ్చి, కొండయెక్కి, రోడ్డుప్రక్క కూలబడి గాలికై నోరు తెరచుచున్నారు. వైద్యమెటు మారినదో నేను చెప్పజాలను.

ఈ గుట్టల తూర్పువాలున పడిన వానచుక్క మూసీయై, హైదరాబాదు నడుమ పారి, వాడపల్లివద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరులో ఆ నగరమును ముంచిన నది పుట్టినిల్లు ఇదియేయని, ఇచ్చటి సన్నని ఊటను చూచినవారెవరును నమ్మరు. పడమటివాలున పడినది కాగ్నానదియై, తాండూరు మీదుగా కర్ణాటకములో ప్రవేశించి భీమను చేరును. మూసీకి ముచుకుందానది యని పాతపేరు. ముచుకుందుడన ఎవరో కాదు. దేవతల పక్షమున యుద్ధము చేసిచేసి అలసి, వరముగా నిద్రను కోరుకొన్న మహారాజు. వరములు కోరినవారిలో నాకు మిక్కిలి గౌరవపాత్రుడితడే. కాలయవనుడు తరుముకొనిరాగా శ్రీకృష్ణుడు నిరాయుధుడై కొండదారిని పరుగెత్తి ఈ రాజు నిద్రించుచున్న గుహలో దూరెనని భాగవతకథ. ఆ గుహ మా కొండలోనిదే యని స్థానికుల విశ్వాసము.

"మన రూట్ మీద ఫస్ట్ ఉరికినోడు కిష్టుడే బామ్మర్దీ!" అని బావగారు ఎక్కుడులో ప్రతిమారును చెప్పుదురు.

"నిజమే బావా. కని పండుకున్నోన్ని తన్ని లేపినోడు ఏమైండు?" అని నేనడుగుదును.

కథ ఆ చోటికి రాగానే వారు వంగి బూటుదారము బిగించుకొందురు.

చివరకు కోట దొరికినది, కాగ్నానది చూపినది. ఆ నది వెంబడి దిగువకు పోయినచో మల్‌ఖేడ్ వచ్చును. రాష్ట్రకూటుల మాన్యఖేటము! తొమ్మిదవ శతాబ్దిలో అమోఘవర్షుడు ఏలిన రాజధాని; ఆ ప్రభువులను బల్హరా యని పిలిచి, లోకమందలి నలుగురు మహారాజులలో నొకనిగా అరబ్బు వర్తకులు లెక్కించిరి; 972లో పరమార సీయకుడు కొల్లగొట్టువరకు దానికి తిరుగులేదు. బావగారు తల పట్టుకొనిరి. మల్‌ఖేడ్ రోడ్ అను స్టేషను బోర్డును వేలమారులు చూచి, పచ్చజెండా ఊపి ముందుకు సాగిపోయిన మనుష్యుడు! "రోడ్ అన్నడు గని, ఆ రోడ్ ఎక్కడికి పోతదో ముప్పైయైదేండ్లల్ల ఒక్కనాడు అడగకపోతి" అని వాపోయిరి.

తాండూరునుండి పరుగెత్తుచునే పోవుదమనిరి. ఊరు దాటునంతలో నాపరాతి బండలు పేర్చిన లారీలు మాకు ఎదురుగా వచ్చెను. పాలిషింగు యూనిట్లనుండి లేచిన తెల్లని దుమ్ము బావగారి మీసములపై పడి, పది నిమిషములలో వారిని పదియేండ్లు పెద్దవారిని చేసినది. ప్రక్కన కందిచేలు పసుపుపచ్చని పూతతో నిండియుండెను. తాండూరు కందిపప్పునకు 2022లో భౌగోళికసూచిక గుర్తింపు వచ్చినదని వారు నిలిచి నాకు వివరించిరి. నిలుచుటకే వివరించిరని నా యనుమానము. మూడవ కిలోమీటరున రెండు మోకాళ్ళును సమ్మె చేసినవి. వెనుకకు మరలి స్టేషనుకు వచ్చి, పాసింజరుబండి యెక్కి, దిగి, ఆటోలో ఊరు చేరితిమి.

కోట నిజముగా కోటయే. నది యొడ్డున బూడిదవన్నె గోడలు, వానిపై మొలచిన గడ్డి, గడ్డిలో మేయుచున్న గేదె. బావగారు మాటలాడలేదు. గోడవద్దకు పోయి అరచేతితో ఒక రాతిని తడివి, మన యింటి పంచలోని బండను గుర్తుపట్టినట్లు గుర్తుపట్టి, "బామ్మర్దీ, మన తాండూరు బండ చుట్టమే ఇది" అని దానిపై కూర్చుండిరి.

అప్పుడు వారి మణికట్టున గడియారము గజగజ వణకెను. తాండూరు ప్లాట్‌ఫారము మీద ఆపుట మరచిన ఆ యంత్రము, పాసింజరుబండి పరుగునంతటిని బావగారి ఖాతాలో జమచేసి, కిలోమీటరునకు ఒక నిమిషము పది సెకండ్ల చొప్పున తమ జీవితమున ఇదియే అత్యుత్తమమైన పరుగని అభినందించుచుండెను.

"అది తీసెయ్యి బావా, పోరడు నవ్వుతడు" అంటిని.

"ఎందుకు తియ్యాలె? బండి నాది గాదా?" అని, ముఖము కుడిప్రక్కను, కోట యెడమప్రక్కను పడునట్లు నాచేత ఫోటో తీయించి, ఆ అంకెను దానిక్రిందనే చేర్చి, జర్మనీకి పంపిరి.